స్తంభం మీద తీగ, భూమిలో పైపు: మన వైపు ఫైబర్ ఎట్లా వచ్చింది, ఎక్కడ ఆగింది

పోస్టు పెద్దది. మెస్ గంట కొట్టేలోపు అయిపోదు, ఓపికగా చదవండి.

పోయిన నెల మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగినాడు: "అన్నా, మా పంచాయతీ ఆఫీసు కాడికి ఫైబర్ వచ్చింది. సచివాలయానికి ఉంది. మా కాలనీకి మాత్రం రాదంట. దూరం ఎక్కువ, సిగ్నల్ అందదు అంటన్నారు. నిజమేనా?" ఒక్క మాటలో జవాబు చెప్పాలంటే, నిజం కాదు. కానీ ఎందుకు కాదో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి. హాస్టల్లో నలుగురం కలిసి వెతికి, అడిగి, లెక్కలు వేసి ఇది రాస్తున్నాం.

తిరుపతి నుంచి శ్రీకాళహస్తికో, చిత్తూరుకో బస్సులో పోయేటప్పుడు కిటికీ పక్కన కూర్చుంటే రెండు కనబడతాయి. రోడ్డు అంచున పొట్టిగా నిలబెట్టిన గుర్తు రాళ్ళు ఒకటి. వాటి కింద పైపులో కేబుల్ ఉంటుంది. రెండోది పైన. కరెంటు స్తంభానికి, కరెంటు తీగల కంటే కిందుగా, నల్లగా ఒక తీగ ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి పోతా ఉంటుంది. దానిలో కరెంటు ఉండదు, వెలుతురు ఉంటుంది. ఆ రాళ్ళకీ ఆ తీగకీ మన జాతుల చరిత్రతో ఏం సంబంధం అనుకోవద్దు. ఉంది.

తీగలు రాకముందు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సరుకునీ, సరుకుతో పాటు కబురునీ మోసినవాళ్ళు ఎవరు? మన ఎరుకల వాళ్ళు, సుగాలీలు. ఉప్పు ఎరుకల అని ఒక శాఖ పేరు ఇప్పటికీ ఉంది. సముద్రం పక్కన ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకొని మిట్ట ప్రాంతాలకు తెచ్చి, ధాన్యానికి మార్చుకునేవాళ్ళు. సుగాలీల ఎద్దుల బిడారులు సైన్యాలకే ధాన్యం మోసినాయి. ఏ ఊళ్ళో పంట పోయింది, ఏ ఏరు పొంగింది, ఏ సంతలో ధర ఎంత అనే సంగతులు వాళ్ళ నోటనే ఊళ్ళు దాటేవి. ఇప్పటి మాటలో చెప్పాలంటే అప్పటి నెట్‌వర్కు మనవాళ్ళే.

1862లో మద్రాసు రైల్వే వాళ్ళ లైను అరక్కోణం నుంచి రేణిగుంటకు వచ్చింది. అదే లైను కడప మీదుగా పోయి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. రైలు పట్టాల పక్కనే టెలిగ్రాఫ్ స్తంభాలు పాతుకుంటూ పోవడం అప్పటి పద్ధతి. ఉప్పు రైలెక్కింది, కబురు తీగెక్కింది. దానికి తోడు ప్రభుత్వం ఉప్పు మీద పన్ను, లైసెన్సుల పట్టు బిగించింది. మద్రాసు ప్రెసిడెన్సీలోని కొరవల మీద పుస్తకం రాసిన చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ రెండు దెబ్బలూ కలిసి ఆ వ్యాపారాన్ని ఎట్లా చంపినాయో వివరంగా చూపించారు. మన దగ్గర ఎరుకల అనేవాళ్ళనే తమిళం వైపు కొరవలు అంటారు.

సరుకు లేకుండా తిరిగేవాడిని చూస్తే సర్కారుకు అనుమానం. రాయచూరు దగ్గర పట్టాలు కలిసిన 1871లోనే క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. అప్పుడది ఉత్తరాదికే. 1911లో చట్టాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చినారు. చిత్తూరు జిల్లా ఏర్పడింది కూడా 1911 ఏప్రిల్ 1ననే. అంటే మన జిల్లా వయసూ, మన ఎరుకల తాతలను పుట్టుకతోనే దొంగలన్న చట్టం మన నేల మీదికి వచ్చిన వయసూ ఒకటే. స్టూవర్టుపురం, కావలి సెటిల్‌మెంట్ల సంగతి మన గ్రూపులో ఇంతకుముందే రాసినారు కాబట్టి మళ్ళీ రాయడం లేదు. మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతా 1952 ఆగస్టు 31న పోయింది.

ఇంకో చట్టం కూడా గుర్తుపెట్టుకోండి, 1885 టెలిగ్రాఫ్ చట్టం. ఎవరి భూమి పైనైనా, కిందైనా తీగ లాగే, స్తంభం పాతే అధికారం సర్కారుకు ఇచ్చింది. నష్టం జరిగితే పరిహారం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. 2013 జులైలో చివరి టెలిగ్రాం పోయింది. చట్టం మాత్రం ఇంకో పదేళ్ళు బతికి, 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చేదాకా దేశంలో ప్రతి ఫైబర్ గుంతకీ ఆధారంగా ఉండింది. పేరులో టెలిగ్రాఫ్, పని ఇంటర్నెట్‌ది.

ఇప్పుడు గాజు సంగతి. ఫైబర్ అంటే వెంట్రుక లావు గాజు పోగు. బయటి గాజుతో కలిపి 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెలుతురు పోయే నడిమి భాగం తొమ్మిది మైక్రాన్లే. నడిమి గాజూ, చుట్టూ ఉన్న గాజూ కొంచెం తేడాగా చేస్తారు కాబట్టి వెలుతురు బయటికి జారిపోకుండా లోపలే పోతుంది. పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ 1954లో గాజు పోగుల కట్ట గుండా బొమ్మను పంపి చూపించినాడు. ఫైబర్ ఆప్టిక్స్ అనే పేరు వ్యాప్తిలోకి తెచ్చింది ఆయనే. 1966లో చార్లెస్ కావ్, గాజులో మలినాలు తీసేస్తే చాలు, కిలోమీటర్ల కొద్దీ మాటలు పంపొచ్చు అని లెక్క కట్టి చెప్పినాడు. దానికి 2009లో నోబెల్ వచ్చింది. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ అట్లాంటి గాజు చేసి చూపించింది. మన దేశంలో మొదటి ఫైబర్ లైను 1979లో పుణేలో రెండు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల మధ్య వేసినారు. మన ఊళ్ళలో అప్పటికి ఫోనే లేదు. చాలా కాలనీల్లో కరెంటు కూడా లేదు.

తర్వాత పసుపు రంగు ఎస్టీడీ బూతులు వచ్చినాయి. ఊళ్ళల్లో చిన్న ఎక్స్ఛేంజీలు వచ్చినాయి. వాటిని పట్నాలకు కలపడానికి రోడ్ల పక్కన కేబుల్ పూడ్చడం మొదలైంది. మన వాళ్ళు ఈ చరిత్రలోకి మళ్ళీ వచ్చింది అక్కడే, గడ్డపార పట్టుకొని.

భూమిలో ఫైబర్ వేసే పద్ధతి టెలికం శాఖ రాసి పెట్టింది. మట్టి నేల అయితే కాలువ లోతు 165 సెంటీమీటర్లు. అంటే ఐదున్నర అడుగులకు కొంచెం తక్కువ, మనిషి దిగితే నెత్తి మాత్రం పైకి కనబడుతుంది. వెడల్పు పైన అడుగున్నర, అడుగున ఒక అడుగు. సన్న మట్టి పరిచి గట్టి ప్లాస్టిక్ పైపు వేయాలి, పైన మట్టి వేసి, గుర్తు టేపు పరిచి, మిగతాది పూడ్చాలి. అందులో కేబుల్ తర్వాత పోతుంది. పైపు ఒక చివర నుంచి కంప్రెసర్‌తో గాలి కొడుతూ కేబుల్‌ను తోస్తారు. గాలి మీద తేలుతున్నట్టు అది కిలోమీటరు దాకా పోతుంది. కేబుల్ డ్రమ్ము అయిపోయిన చోట గుంతలో సిమెంటు తొట్టి పెట్టి, అతుకు వేసి, మూత వేస్తారు.

మేము కూర్చొని లెక్క వేసినాం. ఆ కొలతల కాలువ ఒక్క మీటరు తవ్వితే వచ్చే మట్టి దగ్గర దగ్గర ఒక టన్ను. కిలోమీటరుకు వెయ్యి టన్నులు, పది టన్నుల లారీలు వంద. ఇది మెత్తటి నేల లెక్క. మన చిత్తూరు వైపు రెండడుగులు తవ్వితే రాయి తగులుతుంది. రాయి తగిలిన చోట లోతు తగ్గించుకోవచ్చు, కానీ పైపు మీద ఇనుప గొట్టమో కాంక్రీటో వేయాలి. దానికి ఇంజినీరు కొలిచి ఒప్పుకోవాలి. ఒప్పుకునే దాకా తవ్వేవాడికి లెక్క పడదు.

తవ్వినవాళ్ళలో పేరు బయటికి వచ్చింది పాలమూరు లేబరుది. కాలువలు, డ్యాములు, కేబుల్ గుంతలు, దేశంలో ఎక్కడైనా పాలమూరు అనేది కూలికి ఇంకో పేరు అయిపోయింది. మన తాండాల వాళ్ళూ, మన కాలనీల వాళ్ళూ కూడా పోయినారు. మాలో ఒకరి మేనమామ, మేనత్త ఇద్దరూ ఈ పని చేసినారు. బెంగళూరు రోడ్డులో, తమిళనాడులో, ఎక్కడ మేస్త్రీ పిలిస్తే అక్కడ. కూలి దినానికి కాదు, మీటరు లెక్క. ఆయన గడ్డపారతో తవ్వితే ఆమె తట్టతో మట్టి ఎత్తేది. పిల్లోళ్ళు రోడ్డు పక్క టార్పాలిన్ గుడారంలో. పని రోజూ ముందుకు జరుగుతుంది కాబట్టి గుడారం కూడా జరుగుతుంది, ఇంక ఆ పిల్లోళ్ళు ఏ బడికి పోతారు? మేనమామను అడిగితే ఇట్లా చెప్పినాడు: "పొద్దున తవ్వింది మాపటికి పూడ్చేయాల నాయనా. మర్నాడు సూస్తే ఏం కనపడదు. ఇల్లు కట్టినోడు ఇది నేను కట్టినా అని సూపిస్తాడు. మేమేం సూపిచ్చేది?" మీటర్లు తక్కువ రాసుకున్న కాంట్రాక్టరు గురించి కూడా చెప్పినాడు, ఆ పేరు ఇక్కడ అవసరం లేదు. కొలత పుస్తకం ఎవరి చేతిలో ఉంటే లెక్క వాళ్ళది.

2000 సెప్టెంబరులో రైల్‌టెల్ కంపెనీ పెట్టి, రైలు పట్టాల వెంబడి ఫైబర్ వేయడం మొదలుపెట్టినారు. 1862లో టెలిగ్రాఫ్ స్తంభాలు పాతిన దారుల్లోనే. సముద్రం కింద నుంచి వచ్చే పెద్ద కేబుళ్ళు కూడా మనకు దూరం కాదు. సింగపూర్ నుంచి వచ్చేది ఒకటి 2002లో చెన్నైలో ఒడ్డెక్కింది, ఇంకొకటి 2005లో. తడ నుంచి చెన్నై ఎంత దూరమో సూళ్ళూరుపేట వాళ్ళకు తెలుసు, రోజూ పనికి పోయి వస్తారు. ప్రపంచం అంతా వచ్చి ఒడ్డెక్కే చోటికి రెండు గంటల దూరంలో ఉన్న యానాది కాలనీకి నెట్ లేదు. ఇది దూరం సమస్య ఎట్లా అవుతుంది?

తర్వాత మనుషుల బదులు మిషన్లు వచ్చినాయి. జేసీబీ ఒకటి. భూమి కింద అడ్డంగా బోరు వేసి, పైన రోడ్డు పగలగొట్టకుండా పైపు లాగే మిషన్ ఇంకొకటి. పని తేలికైంది, నిజమే. గుడారాలు తగ్గినాయి, కూలీ కూడా పోయింది. ఆ మిషన్ మీద ఆపరేటరుగా మన పిల్లోళ్ళు ఎంతమంది ఉన్నారు? వేళ్ళ మీద లెక్క పెట్టొచ్చు.

2011 అక్టోబరు 25న కేంద్రం ఒక పెద్ద పథకానికి ఒప్పుకుంది: దేశంలో రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబర్. మొదట ప్రయోగం చేసిన మూడు బ్లాకుల్లో ఒకటి మన రాష్ట్రానిదే, విశాఖ జిల్లా పరవాడ. మిగతా రెండు రాజస్థాన్‌లో అరాయిన్, త్రిపురలో పానీసాగర్. తర్వాత దీనికి భారత్‌నెట్ అని పేరు మార్చినారు. ఈ పథకం గురించి తిట్టేవాళ్ళు ఆలస్యం గురించి తిడతారు. మా గొడవ అది కాదు. లెక్క ఎక్కడ ఆపినారు అనేది మా ప్రశ్న. పంచాయతీ ఒక యూనిట్. కేబుల్ పంచాయతీ ఆఫీసు గోడకు ఉన్న పెట్టెలోకి చేరితే కాగితం మీద ఆ పంచాయతీకి నెట్ వచ్చినట్టే. కానీ మన కాలనీలు ఎక్కడ ఉంటాయి? పంచాయతీ ఆఫీసు పెద్ద ఊళ్ళో, మన ఇళ్ళు చెరువు కట్ట కింద, ఏటి గట్టున, అడివి అంచున. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మనం నూటికి నలుగురం కూడా లేము. ఒక పంచాయతీలో ముప్పై ఇళ్ళు, ఇంకో దాంట్లో పన్నెండు. పంచాయతీని చుక్కగా పెట్టిన మ్యాపులో మనం ఎప్పుడూ ఆ చుక్క బయటే.

ఇంక స్తంభాల సంగతి. 2015లో మన రాష్ట్రం ఫైబర్‌నెట్ సంస్థను పెట్టింది. భూమి తవ్వకుండా, ఉన్న కరెంటు స్తంభాల మీదే కేబుల్ లాగాలని నిర్ణయించింది. తవ్వితే దాదాపు 5,000 కోట్లు అవుతుంది, స్తంభాల మీద అయితే 333 కోట్లలో అయిపోతుంది అన్నది అప్పుడు ప్రభుత్వం చెప్పిన లెక్క. దాదాపు 24 వేల కిలోమీటర్లు. మన వైపు స్తంభాలు దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థవి, దాని హెడ్డాఫీసు తిరుపతిలోనే. 2016 డిసెంబరులో గోదావరి జిల్లా మోరి అనే ఊరిలో మొదట చూపించి, 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌తో ప్రారంభం చేయించినారు. నెలకు 149 రూపాయలకు నెట్టు, టీవీ, ఫోను మూడూ. తీగ పోలేని చోట గాలిలోనే వెలుతురు కిరణం పంపే పెట్టెల కోసం గూగుల్ వాళ్ళ ఎక్స్ సంస్థతో ఒప్పందం కూడా జరిగింది. తర్వాత రేట్లు మారినాయి, టెండర్ల మీద కేసులు నడిచినాయి. ఆ రాజకీయం ఇక్కడ వద్దు, దాని కోసం వేరే గ్రూపులు చాలా ఉన్నాయి.

మెచ్చుకోవాల్సింది ఒకటుంది. స్తంభం మన కాలనీకి ఉంది. ఆలస్యంగా వచ్చినా కరెంటు వచ్చింది. తవ్వే పని అయితే మన దాకా ఎవరూ తవ్వరు. స్తంభం మీద అయితే తీగ రావడానికి దారి సిద్ధంగా ఉంది.

ఆ తీగలో ఇనుము ఉండదు, రాగి ఉండదు. హై టెన్షన్ లైను పక్కనే పోతుంది కాబట్టి కరెంటు పాకే వస్తువు ఏదీ ఉండకూడదు. దారాలు, ఫైబర్‌గ్లాస్ కడ్డీలు బరువు మోస్తాయి. సబ్‌స్టేషన్‌లో పెద్ద పెట్టె, అక్కడి నుంచి బయలుదేరిన ఒక్క పోగును దారిలో స్ప్లిటర్ అనే చిన్న ముక్క ముప్పైరెండు ఇళ్ళకు పంచుతుంది. ఇంట్లో ఇంకో చిన్న పెట్టె. దానిలో ఎర్ర లైటు వెలిగితే తీగ ఎక్కడో తెగినట్టు.

ఇప్పుడు ఆ తమ్ముడి ప్రశ్నకు లెక్క చూడండి. ఇంటర్ ఫిజిక్స్ చదివినవాళ్ళకు డెసిబెల్ తెలిసే ఉంటుంది. ఈ పద్ధతిలో సబ్‌స్టేషన్ నుంచి ఇంటి దాకా వెలుతురు 28 డెసిబెల్స్ దాకా తగ్గినా పెట్టె పనిచేస్తుంది. ముప్పైరెండు ఇళ్ళకు పంచినందుకు పోయేది సుమారు 17. ఒక మంచి అతుకుకు పోయేది 0.1 కంటే తక్కువ. తీగ పొడవుకు పోయేది కిలోమీటరుకు 0.35. అంటే పంచాయతీ ఆఫీసు నుంచి మన కాలనీ రెండు కిలోమీటర్లు ఉంటే దానికి పోయేది 0.7 మాత్రమే. ఈ పద్ధతిని ఇరవై కిలోమీటర్ల దూరం కోసం తయారు చేసినారు. "దూరం ఎక్కువ, సిగ్నల్ అందదు" అనే మాట మొబైల్ టవరుకు సరిపోతుంది, ఫైబర్‌కు సరిపోదు.

మరి ఎందుకు రాలేదు? ఇంటింటికీ తీగ లాగే పని కేబుల్ టీవీ ఆపరేటర్లకు ఇచ్చినారు. వాళ్ళకు ఇప్పటికే తీగ ఉన్న వీధి ముందు, నెల నెలా డబ్బులు వచ్చే ఇళ్ళు ముందు. పన్నెండు ఇళ్ళ కోసం నలభై స్తంభాలు ఎక్కి తీగ లాగితే ఏం మిగులుతుందని వాళ్ళ లెక్క. వ్యాపారి వ్యాపారం చేసినాడు, అందులో వింత లేదు. కానీ ఆ లెక్కను దూరం అనే పేరుతో మనకు చెప్పకూడదు.

లాగడం ఒకసారి పని. కాపాడటం రోజూ పని. దీని గురించి మేము ఎక్కువ విన్నది మా హాస్టల్లోనే చదివి, డిగ్రీ మధ్యలో మానేసి, ఇప్పుడు ఫైబర్ అతుకుల పని చేస్తున్న ఒక అన్న దగ్గర. మాది కాక ఇంకో తాండా ఆయనది. ఆయన బ్యాగులో ఉండే సామాను వేరే లోకం. ఓటీడీఆర్ అనే మిషన్ తీగ చివర తగిలిస్తే లోపలికి వెలుతురు కొట్టి, తిరిగి వచ్చిన వెలుతురును బట్టి "4,312 మీటర్ల దగ్గర తెగింది" అని చెబుతుంది. వెలుతురు గాజులో సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, పోయి వచ్చిన టైము నుంచి దూరం తీస్తుంది. అక్కడికి బండి మీద పోయి చూస్తే ఒక్కోసారి తెగిన చోటు కనబడుతుంది, ఒక్కోసారి కనబడదు. ఎందుకంటే స్తంభాల దగ్గర చుట్టలు చుట్టి వదిలిన తీగ పొడవు కూడా ఆ లెక్కలో ఉంటుంది. ఏ స్తంభం దగ్గర ఎంత చుట్ట వదిలినారో రాసి పెట్టుకున్నవాడే తొందరగా పట్టుకుంటాడు.

తెగిన చోట రెండు చివరలూ తీసుకొని, పైతోలు ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, కట్టర్‌తో నిలువుగా కోసి, స్ప్లైసింగ్ మిషన్‌లో ఎదురెదురుగా పెడతారు. చిన్న నిప్పురవ్వ వచ్చి రెండు గాజులూ కరిగి ఒకటవుతాయి. పైన సన్న గొట్టం తొడిగి వేడి చేస్తారు. ఒక పోగుకు రెండు నిమిషాలు. ఇరవై నాలుగు పోగుల కేబుల్ తెగితే గంట పైన, అదీ గాలి, దుమ్ము లేకపోతే. తొమ్మిది మైక్రాన్ల మీద దుమ్ము రేణువు పడితే అది కొండే. ఎండాకాలం మన మిట్టల్లో దుమ్ము లేని చోటు ఏది? టవలు కప్పుకొని, దాని కింద కూర్చొని చేస్తాడంట.

ఏం తెంపుతాయి అని అడిగితే పెద్ద లిస్టే చెప్పినాడు. ఎత్తుగా గడ్డి వేసుకొని పోయే లారీలు, చెరుకు ఆకు కాల్చిన మంటలు, కొమ్మలు నరికే కత్తులు, భూమిలో ఎలుకలు. కోతుల సంగతి నవ్వుకోవద్దు, 2015లో వారణాసిలో వైఫై కోసం వేసిన ఫైబర్‌ను కోతులు కొరికేసినాయని దేశమంతా వార్త వచ్చింది, కొండ కింద కోతులు మనకూ తక్కువ లేవు. అన్నిటికంటే పెద్ద శత్రువు మాత్రం జేసీబీ. రోడ్డు వెడల్పు పని ఒకరిది, నీళ్ళ పైపు పని ఇంకొకరిది, ఫైబర్ ఇంకొకరిది. ఒకరు తవ్వేది ఇంకొకరికి చెప్పరు. చెప్పాలనే 2023 మార్చిలో కేంద్రం ఒక యాప్ తెచ్చింది, తవ్వే ముందు కింద ఎవరి తీగ ఉందో అడిగి తవ్వడానికి. వాడేవాళ్ళు వాడుతున్నారు.

2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా. స్వర్ణముఖి పొంగింది, తిరుపతి వీధుల్లో కార్లు తేలినాయి, రాయలచెరువు కట్ట తెగుతుందని ఊళ్ళు ఖాళీ చేయించినారు. అట్లాంటప్పుడు స్తంభం పడితే కరెంటూ పోతుంది, ఫైబరూ పోతుంది. స్తంభాల మీద తీగకు ఉన్న బలహీనత అదే. భూమిలో ఉన్నది గాలికి పడదు, కానీ వంతెన కొట్టుకుపోతే దానితో పాటు పోతుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు తూర్పు మండలాల వాళ్ళకు ఇంకోసారి ఇదే. ముందు కరెంటు వాళ్ళు స్తంభం నిలబెట్టాలి, ఆ తర్వాతే ఫైబర్ వాళ్ళు ఎక్కాలి.

ఎక్కడం గురించి కూడా చెప్పాలి. కరెంటు స్తంభం ఎక్కాలంటే సబ్‌స్టేషన్‌కు చెప్పి లైన్ క్లియర్ తీసుకోవాలి, అంటే ఆ లైనులో కరెంటు ఆపించి రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే ఎక్కాలి. కానీ కాంట్రాక్టరు కింద అతుకు లెక్కన పనిచేసే పిల్లోడికి ఫోను వస్తుంది: "కస్టమర్ అరుస్తా ఉండాడు, బిరీన ఎక్కి చెయ్." ఆ అన్నకు బెల్టు ఉంది, ఆయన కొనుక్కున్నాడు. ఆయన పక్కన చేసే ఇద్దరికి లేదు. బెల్టు, చేతి గ్లౌజులు, లైన్ క్లియర్ లేకుండా మన పిల్లోళ్ళు ఎవరూ స్తంభం ఎక్కొద్దు. ఈ మాట మీ ఊళ్ళో ఐటీఐ చేసిన వాళ్ళకు చదివి వినిపించండి.

ఈ తీగ లేకపోతే ఏమవుతుందో మనకు 2020లో తెలిసింది. మార్చిలో హాస్టళ్ళు మూసి ఇంటికి పంపినారు. మాలో చాలామంది అప్పుడు తొమ్మిదీ పదీ. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేసినారు, టీవీ ఉన్న ఇంటి వాకిట్లో కూర్చొని చూసినాం. తర్వాత ఆన్‌లైన్ అన్నారు. ఒక కాలనీకి ఒక స్మార్ట్‌ఫోన్, దానికి సిగ్నల్ గుట్ట ఎక్కితేనే. ఆ రెండేళ్ళలో బడి మానేసి ఇటుక బట్టీకో, రొయ్యల చెరువుకో, పెళ్ళికో పోయినవాళ్ళు మళ్ళీ రాలేదు. మా క్లాసులో మాతో పాటు చదివిన ఆడపిల్లలను ఇప్పుడు లెక్క పెడితే మాకు మాట రాదు.

శ్రీహరికోట గురించి రాయకుండా ఈ పోస్టు ఆపలేం. 2022 ఏప్రిల్ నుంచి అది మన తిరుపతి జిల్లాలోనే ఉంది. రాకెట్ కేంద్రం రాకముందు ఆ దీవి అడివిలో బతికింది యానాదులు. తేనె, దుంపలు, వంటచెరుకు, చేపలు. 1969లో ఆ చోటును ఎంచుకున్నారు, 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్ పోయింది. యానాదుల కుటుంబాలు అడివి మీద హక్కు పోగొట్టుకొని పక్క ఊళ్ళకు, పునరావాస కాలనీలకు చేరినాయి. 2022 అక్టోబరులో, మళ్ళీ 2023 మార్చిలో అక్కడి నుంచే వన్‌వెబ్ కంపెనీవి ఒక్కోసారి 36 ఉపగ్రహాలు పైకి పంపినారు. అవి దేనికి? తీగ పోలేని చోట ఇంటర్నెట్ ఇవ్వడానికి. ఆ రాకెట్ శబ్దానికి సూళ్ళూరుపేట వైపు కాలనీల్లో రేకులు అదురుతాయి. మేము సైన్సు చదివే పిల్లలమే, రాకెట్ పోతే మాకూ సంతోషమే, మిద్దె ఎక్కి చూస్తాం. నేల ఇచ్చినవాళ్ళ మనవళ్ళకు ఆ నెట్ ముందు రావాలి కదా అని మాత్రం అడుగుతున్నాం.

ఇప్పుడు చట్టంలో మనకు పనికొచ్చే ముక్కలు. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(2). అడివిలో, అడివి అంచున ఉన్న మన ఊళ్ళకు పదమూడు రకాల సౌకర్యాల కోసం అటవీ భూమి వాడుకోవచ్చు. ఒక్కోదానికి హెక్టారు లోపు, హెక్టారుకు 75 చెట్లు దాటకుండా, గ్రామసభ సిఫారసు ఉండాలి. ఆ పదమూడులో బడి, అంగన్‌వాడీ, రోడ్డుతో పాటు కరెంటు, టెలికమ్యూనికేషన్ లైన్లు అని స్పష్టంగా రాసి ఉంది. "ఫారెస్టు వాళ్ళు ఒప్పుకోరు" అని ఎవరైనా అంటే ఈ సెక్షన్ చూపించండి. గ్రామసభ తీర్మానం మన చేతిలో పని.

రెండోది, 2023 ఆగస్టులో కేంద్రం భారత్‌నెట్‌ను మార్చి 1,39,579 కోట్లతో మళ్ళీ ఒప్పుకుంది. ఇందులో పంచాయతీ కాని ఊళ్ళకు కూడా ఫైబర్ ఇస్తారు, కానీ అడిగితే. డిమాండ్ మీద అని రాసినారు. అడగని ఊరికి రాదని దాని అర్థం. పీఎం జన్‌మన్ కింద టవర్లు వస్తాయి కదా అని కొందరు అంటున్నారు. అది పీవీటీజీ జాబితాలోని తెగలకు. చెంచులు అందులో ఉన్నారు, యానాదులు, ఎరుకల, సుగాలీలు లేరు. కాబట్టి దాని కోసం చూస్తూ కూర్చోవద్దు.

మేము ఇప్పటికి పదకొండు కాలనీల వివరాలు రాసుకున్నాం. మిగతావి మీరు పంపాలి. కావాల్సినవి ఇవి: కాలనీ లేదా తాండా పేరు, ఏ పంచాయతీ, ఎన్ని ఇళ్ళు, బడికి పోయే పిల్లలు ఎంతమంది. పంచాయతీ ఆఫీసు నుంచి కాలనీకి నడిచే దూరం కాదు, స్తంభాలు లెక్కపెట్టి చెప్పండి, తీగ పోయేది స్తంభాల వెంబడే. నల్ల తీగ ఏ స్తంభం దాకా వచ్చి ఆగిందో దాని మీద రాసిన నంబరు ఫోటో తీయండి. స్తంభం ఎక్కొద్దు, కింద నుంచే తీయండి. ఆదివారం లోపు పంపితే సోమవారం జాబితా టైపు చేసి, తీర్మానం నమూనాతో పాటు ఇక్కడే పెడతాం.